నిండుతున్న మెయిల్ సర్వర్: ఏ డేటా ఏ డిస్కుల మీద ఉండాలి

విశాఖ హార్బర్‌కు దగ్గర్లో ఉన్న ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసుకు నేను కొంతకాలం మెయిల్ సర్వర్ చూశాను. ఒకరోజు ఉదయం డాక్యుమెంటేషన్ పని చూసే పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మెయిల్‌కి ఏటయింది? ఓడ సాయంత్రం బయల్దేరిపోతాది. బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ ఇంకా తెరుచుకోవట్లేదు."

సర్వర్‌లోకి వెళ్లి చూస్తే డిస్క్‌లో ఇంకా మూడో వంతు ఖాళీ ఉంది. ప్రాసెసర్ మీద బరువు లేదు, మెమరీ సరిపడా ఉంది. అయినా ఇన్‌బాక్స్ తెరుచుకోవడానికి నిమిషం పైనే పడుతోంది. పెద్ద డిస్క్ కొని డేటా మొత్తం దాని మీదికి కాపీ చేశాను. శని, ఆదివారాలు బాగానే నడిచింది. సోమవారం పొద్దున్నే మళ్లీ అదే ఫోన్ వచ్చింది.

ఆ సోమవారం నాకు అర్థమైన విషయం చెప్పడానికే ఇది రాస్తున్నాను. మెయిల్ సర్వర్ పెరుగుతుంటే రెండు ప్రశ్నలు వస్తాయి. డేటా ఎంత చోటు తీసుకుంటోంది? సెకనుకు ఎన్నిసార్లు డిస్క్ దగ్గరికి వెళ్లాల్సి వస్తోంది? మొదటి ప్రశ్న అందరికీ కనిపిస్తుంది, డిస్క్‌లో చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొడితే జవాబు వస్తుంది. మనల్ని ముంచేది రెండోది.

మన పోర్టునే చూడండి. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్లాలంటే ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న సన్నని ఛానెల్ గుండానే వెళ్లాలి. లోపల ఎన్ని బెర్తులు కట్టినా దారి అదే. ఇనుప ఖనిజం మోసే పెద్ద ఓడల కోసం 1976లో అవుటర్ హార్బర్ విడిగా వచ్చింది. అక్కడికి వెళ్లే ఓడలకు ఆ సన్నని ఛానెల్‌తో పని లేదు, దాని లోతు కూడా వేరు. నేను పెద్ద డిస్క్ పెట్టి చేసింది, అదే ఛానెల్ వెనక ఇంకొన్ని బెర్తులు కట్టడమే.

మెయిల్ ఎందుకు ఇంత బరువెక్కుతుంది

ఈమెయిల్ మొదట్లో అక్షరాలు మోయడానికి పుట్టింది. అందుకే పీడీఎఫ్, ఫోటో లాంటి ఫైళ్లను ఇప్పటికీ బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మార్చి పంపుతారు. మూడు బైట్లు నాలుగవుతాయి. ప్రతి లైను చివరి గుర్తులు కూడా కలిపితే 6 ఎంబీ పీడీఎఫ్ మెయిల్‌లో 8 ఎంబీ దాటుతుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ జతచేసిన అలాంటి మెయిల్ ఒకే ఆఫీసులో పన్నెండు మందికి సీసీ వెళ్తే, చాలా సెటప్‌లలో పన్నెండు కాపీలు పడతాయి. దగ్గర దగ్గర వంద ఎంబీ. ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తే మళ్లీ మొదటి నుంచి.

చోటు లెక్క అది. ఇప్పుడు ప్రయాణాల లెక్క చూద్దాం. బయటి నుంచి ఒక మెయిల్ వచ్చిందనుకోండి. మెయిల్ తీసుకుని, పంపే పని చేసే పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రామ్ దాన్ని ముందు తన క్యూలో, అంటే బట్వాడా కావాల్సిన మెయిళ్ల వరసలో, ఫైలుగా రాస్తుంది. ఆ రాత నిజంగా డిస్క్ మీదికి చేరిందని ఖాయం చేసుకున్నాకే అవతలి సర్వర్‌కు 250 ఓకే, అంటే మెయిల్ అందింది, అంటుంది. ఎందుకంటే ఆ మాట అన్న క్షణం నుంచి ఆ మెయిల్ బాధ్యత మనది. సర్వర్ క్రాష్ అయిందన్న కారణంతో దాన్ని పోగొట్టకూడదని ఈమెయిల్ పంపే నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 5321 స్పష్టంగా చెబుతుంది. తర్వాత మెయిల్‌బాక్స్‌లు చూసుకునే డవ్‌కాట్ ప్రోగ్రామ్ ఆ మెయిల్‌ను మెయిల్‌బాక్స్‌లో రాస్తుంది, ఇండెక్స్ మారుస్తుంది, లాగ్ రాస్తుంది. ఆపైన క్యూలోని ఫైలు తొలగిపోతుంది. ఒక్క మెయిల్‌కే డిస్క్ మీద నాలుగైదు చోట్లకు తిరగాలి.

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మనకు కావలసిన చోటు, డిస్క్‌ను చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. హెడ్ పక్కకు జరగడానికి ఇంకో ఏడెనిమిది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ల విషయంలో సెకనుకు 80 పనులు చేయగలిగితే గొప్ప. డిస్క్ సామర్థ్యం ఒక టీబీ అయినా, పద్దెనిమిది టీబీ అయినా ఈ అంకె పెద్దగా మారదు. సోమవారం తొమ్మిదిన్నరకు ఆఫీసులో అందరి అవుట్‌లుక్‌లూ ఒకేసారి తెరుచుకుంటాయి, ఫోన్లు సింక్ అవుతాయి, ఆదివారం రాత్రి మొదలైన బ్యాకప్ ఇంకా నడుస్తూ ఉంటుంది. ఆ 80 కోసం అందరూ క్యూ కడతారు. డిస్క్ ఎంత పని చేస్తోందో చూపే ఐఓస్టాట్ పెట్టి చూస్తే డిస్క్ నూటికి నూరు శాతం బిజీగా కనిపిస్తుంది, కదిలే డేటా మాత్రం సెకనుకు రెండు మూడు ఎంబీలు మించదు. నాకు ఆ రోజు కనిపించింది అదే.

పూల్ అంటే ఏమిటి, వేరు చేయడం అంటే ఏమిటి

కొన్ని డిస్కులను కలిపి ఒకే రాశిగా చేసి, అందులోంచి అవసరానికి తగ్గట్టు చోటు పంచుకోవడమే స్టోరేజ్ పూల్. లైనక్స్‌లో ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూప్ అలాంటిదే, విండోస్‌లో స్టోరేజ్ స్పేసెస్ అలాంటిదే. డిస్కుల మీద ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో అయితే పూల్ అన్న మాటే అసలు పేరు. దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్‌లో తయారుచేశారు, 2005లో బయటికి వచ్చింది. ఇప్పుడు ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో లైనక్స్ మీద బాగా నడుస్తోంది. నేను వాడేది అదే కాబట్టి ఉదాహరణలు దాంట్లోంచే ఇస్తాను.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒకే పూల్‌లో క్యూకు ఒక డేటాసెట్ (పూల్ లోపలి విభాగం), మెయిల్‌బాక్స్‌లకు ఇంకోటి చేసి వేరు చేశాం అనుకుంటారు. అది ఒకే ఇంట్లో గోడ కట్టి రెండు గదులు చేయడం లాంటిది. వీధి గుమ్మం ఒకటే. కోటా వేరుగా పెట్టుకోవచ్చు, స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో పట్టి ఉంచే నకలు) వేరుగా తీసుకోవచ్చు. ఆ సౌకర్యాలు మంచివే. కానీ డిస్కులు అవే కాబట్టి ఒక గదిలో రద్దీ రెండో గదిని ఆపేస్తుంది. పైగా పూల్‌లోని డిస్కుల గుంపుల్లో ఒక్క గుంపు పూర్తిగా పోయినా పూల్ మొత్తం పోతుంది. వేరు పూల్ అంటే వేరు డిస్కులు. వేగం వేరవుతుంది, ప్రమాదం కూడా వేరవుతుంది.

ఇంతకీ దేన్ని దేని నుంచి వేరు చేయాలి?

నా మట్టుకు మొదటి స్థానం క్యూది. చాలా చిన్నది, కొన్ని జీబీలు చాలు. కానీ దాని విలువ డిస్క్ నిండిన రోజున తెలుస్తుంది. మెయిల్‌బాక్స్‌ల డిస్క్ నిండిపోయి, క్యూ కూడా దాని మీదే ఉంటే పోస్ట్‌ఫిక్స్ కొత్త మెయిల్ తీసుకోవడమే మానేస్తుంది, చోటు చాలడం లేదని 452 చెబుతుంది. అది తాత్కాలిక తిరస్కారమే, అవతలివాళ్లు మళ్లీ ప్రయత్నిస్తారు. అయినా అప్పటిదాకా మన మెయిల్ మన చేతిలో ఉండదు. క్యూ వేరే పూల్‌లో ఉండి, చోటు లేనప్పుడు డవ్‌కాట్ కూడా తాత్కాలిక తిరస్కారమే ఇచ్చేలా పెట్టుకుంటే, మెయిల్‌బాక్స్ నిండినా వచ్చిన మెయిల్ క్యూలో ఆగి ఉంటుంది. మనం చోటు చేయగానే లోపలికి వెళ్తుంది. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు చిన్నవి రెండు తీసుకుని మిర్రర్ చేస్తే, అంటే ఒకే డేటా రెండింటి మీదా రాయిస్తే, ఈ పని అయిపోతుంది. కరెంటు పోయినా చేతిలో ఉన్న రాతను పోగొట్టుకోని రకం ఎస్‌ఎస్‌డీలు కొనండి, ఇక్కడ పొదుపు చేయకండి.

రెండోది ఇండెక్స్. ఇన్‌బాక్స్ తెరిచినప్పుడు పేరు, తేదీ, సబ్జెక్టు లాంటివి డవ్‌కాట్ చాలావరకు ఇండెక్స్ ఫైళ్లలోంచే ఇస్తుంది, అసలు మెయిళ్లు తెరవదు. కాబట్టి ఇండెక్స్‌లను ఎస్‌ఎస్‌డీ పూల్‌లోకి మారిస్తే, మెయిళ్లు పాత హార్డ్ డిస్కుల మీదే ఉన్నా జనానికి వెంటనే తేడా తెలుస్తుంది. ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే దీన్ని మించింది లేదు. అయితే ఒక జాగ్రత్త. ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా ఉంచే మెయిల్‌డిర్ పద్ధతిలో ఇండెక్స్ పోయినా తిరిగి కట్టుకోవచ్చు. చదివినదా కాదా అన్న గుర్తు కూడా ఫైలు పేరులోనే ఉంటుంది. చాలా మెయిళ్లను ఒకే ఫైలులో ఉంచే ఎండీబాక్స్ పద్ధతిలో అలా కాదు. ఏ మెయిల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, చదివారా లేదా అన్నవి ఇండెక్స్‌లోనే ఉంటాయి. అక్కడ ఇండెక్స్ కూడా అసలు డేటాయే. దాన్ని ఒంటరి డిస్క్ మీద పెట్టడం అంటే ఇంటి దస్తావేజులు వరండాలో పెట్టడమే.

మూడోది మెయిళ్లు. వీటిని వేరు చేయడానికి రెండు దారులు. కొందరు యూజర్లను మొత్తంగా ఒక పూల్‌లో, మిగతావాళ్లను ఇంకో పూల్‌లో పెట్టడం ఒకటి. ప్రతి యూజర్ మెయిల్ ఎక్కడుందో యూజర్ డేటాబేస్‌లోనే చెప్పవచ్చు కాబట్టి ఇది సులువు. వయసును బట్టి విడదీయడం రెండోది. ఈ ఏడాది మెయిల్ వేగంగా ఉండే డిస్కుల మీద, పాతది పెద్ద, చవక డిస్కుల మీద. డవ్‌కాట్‌లో ఎండీబాక్స్ వాడితే ప్రత్యామ్నాయ స్టోరేజ్ అని ఈ ఏర్పాటు ఉంది. యూజర్‌కు పాత మెయిల్ అదే ఫోల్డర్‌లో కనిపిస్తుంది, అది కదిలిందని కూడా తెలియదు. వినడానికి ఇదే అందంగా ఉంటుంది. కానీ ఒక్కరి మెయిల్ రెండు పూల్స్ మీద ఆధారపడుతుంది, రెండింటిలో ఏది పోయినా వాళ్లకు నష్టమే. అందుకే మొదటిసారి చేసేవాళ్లు యూజర్లవారీగా విడదీయమనే చెబుతాను.

పాత మెయిల్ పూల్ గురించి ఒక చిన్న సంగతి, నాకు ఇష్టమైనది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఎల్‌జెడ్4 కంప్రెషన్ అందరూ వాడతారు. అది మామూలు అక్షరాలను బాగా కుదిస్తుంది. కానీ అటాచ్‌మెంట్‌లో ఉన్నది అప్పటికే కుదించిన పీడీఎఫ్ లేదా ఫోటో అయితే, దాని బేస్64 రూపంలో మళ్లీ మళ్లీ వచ్చే వరసలు ఉండవు, ఎల్‌జెడ్4 వెతికేది అవే. జెడ్‌స్టాండర్డ్ పద్ధతి ప్రతి అక్షరానికీ తక్కువ బిట్లు కేటాయించగలదు. బేస్64లో వాడేది అరవై నాలుగు అక్షరాలే కాబట్టి ఎనిమిది బిట్లలో ఆరే నిజమైన సమాచారం. మిగతా రెండింటినీ చాలావరకు జెడ్‌స్టాండర్డ్ వెనక్కి తెస్తుంది. 2020లో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0 నుంచి ఇది అందుబాటులో ఉంది. అరుదుగా చదివే పాత మెయిల్‌కు కాస్త ఎక్కువ ప్రాసెసర్ పని పడినా ఫరవాలేదు.

పూల్ సరిహద్దు దాటనివి రెండు

ఫైలు పేరు మార్చడం (ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరపడం కూడా ఇదే), హార్డ్ లింక్ (ఒకే ఫైలుకు రెండో పేరు పెట్టడం). ఈ రెండూ ఒకే ఫైల్‌సిస్టమ్ లోపలే పనిచేస్తాయి. మెయిల్ సర్వర్లు రెండింటి మీదా బాగా ఆధారపడతాయి. మెయిల్‌డిర్‌లో మెయిల్ ముందు టెంప్ ఫోల్డర్‌లో పూర్తిగా రాయబడి, తర్వాత ఒక్క దెబ్బతో న్యూ ఫోల్డర్‌లోకి వస్తుంది. అందుకే సగం రాసిన మెయిల్ ఎప్పుడూ ఎవరికీ కనిపించదు. పోస్ట్‌ఫిక్స్ క్యూ కూడా మెయిల్‌ను ఇన్‌కమింగ్ నుంచి యాక్టివ్‌కు, అక్కడి నుంచి, వెంటనే వెళ్లనివి ఆగే డిఫర్డ్‌కు ఇలాగే జరుపుతుంది. ఎవరో డిఫర్డ్ ఒక్కటే పెద్దదవుతోందని దాన్ని మాత్రం వేరే పూల్‌కు లింక్ చేస్తే ఆ జరపడం కుదరదు. విడదీసేటప్పుడు క్యూను మొత్తంగా, ఒక మెయిల్‌డిర్‌ను మొత్తంగా కదపాలి.

హార్డ్ లింక్ సంగతి ఇంకా తెలియకుండా దెబ్బతీస్తుంది. యూజర్ ఒక మెయిల్‌ను ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, మెయిల్‌డిర్‌లో డవ్‌కాట్ మామూలుగా అదే ఫైలుకు రెండో పేరు పెడుతుంది. అదనపు చోటు పట్టదు. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌తో తరలించేటప్పుడు హార్డ్ లింకులను కాపాడే పెద్ద హెచ్ (-H) ఆప్షన్ మరిచిపోతే ఆ రెండు పేర్లూ రెండు ఫైళ్లవుతాయి. కొత్త పూల్‌లో డేటా పాతదాని కంటే పెద్దదిగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తరలించే రాత్రి

ఆర్‌సింక్ మంచి పనిముట్టు, కానీ లక్షల చిన్న ఫైళ్ల దగ్గర దానికి ఊపిరాడదు. 40 లక్షల మెయిళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కో ఫైలు వివరాలు చూడటానికి డిస్క్ ఒక్కసారి కదలాల్సి వచ్చినా, సెకనుకు 80 చొప్పున 50,000 సెకన్లు. దాదాపు పద్నాలుగు గంటలు, అదీ ఏమీ మారకపోయినా. పాత డిస్కులు కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే స్నాప్‌షాట్ తీసి పంపే పద్ధతి చాలా మేలు. అది ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతకదు, మారిన బ్లాకులనే పంపుతుంది. మొదటిసారి పూర్తిగా పంపాలి, సర్వర్ నడుస్తుండగానే. రోజూ తేడా మాత్రం పంపుతూ ఉండాలి. చివరి రాత్రి సర్వీసులు ఆపి, ఆఖరి తేడా పంపితే నిమిషాల్లో అయిపోతుంది.

ఆర్‌సింక్‌తోనే చేయాల్సి వస్తే కూడా ఇదే వరస. నడుస్తుండగా రెండు మూడుసార్లు, చివరిగా అన్నీ ఆపి ఒకసారి. ఆ చివరిసారి పాతచోట లేనివాటిని కొత్తచోట తొలగించే డిలీట్ ఆప్షన్ తప్పనిసరి. మెయిల్‌డిర్‌లో మెయిల్ చదివితే ఫైలు పేరు మారుతుందని చెప్పాను కదా. నిన్న కాపీ అయినప్పుడు ఒక పేరు, ఈరోజు ఇంకో పేరు. డిలీట్ లేకపోతే రెండూ మిగిలి, తెల్లారేసరికి జనానికి అలా పేరు మారిన ప్రతి మెయిల్ రెండుసార్లు కనిపిస్తుంది. ఫైలు తేదీలు కూడా ఉన్నవి ఉన్నట్టే రావాలి. డవ్‌కాట్ మెయిల్ అందిన సమయాన్ని ఫైలు తేదీలోంచే తీసుకుంటుంది. అది మారితే పదేళ్ల మెయిలంతా ఒకే రాత్రి వచ్చినట్టు వరసలో చేరుతుంది.

ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే యూఐడీ లిస్ట్ ఫైలు చిన్నదే, కానీ ప్రాణం లాంటిది. ఏ మెయిల్‌కు ఏ నంబరు ఇచ్చామో అందులో ఉంటుంది. అది రాకపోతే డవ్‌కాట్ కొత్త నంబర్లు ఇస్తుంది. వెంటనే ప్రతి అవుట్‌లుక్, ప్రతి ఫోన్ మొత్తం మెయిల్‌బాక్స్‌ను మళ్లీ దించుకోవడం మొదలుపెడుతుంది. కొత్త పూల్ ఎంత వేగంగా ఉన్నా ఆ ఉదయం తట్టుకోలేదు.

క్యూను తరలించాక పోస్ట్‌సూపర్ కమాండ్‌తో నిర్మాణ తనిఖీ చేయించండి. క్యూ ఫైలు పేరులో దాని ఐనోడ్ నంబరు (ఆ ఫైలుకు ఫైల్‌సిస్టమ్ ఇచ్చే నంబరు) కలిసి ఉంటుంది. కొత్త పూల్‌లో ఆ నంబరు వేరు కాబట్టి పేర్లు సరిచేయాలి. అంతకంటే సులువు, తరలించే ముందు క్యూను వీలైనంత ఖాళీ చేసుకోవడం.

సర్వర్ ఆపితే మెయిల్ పోతుందేమోనని యజమానులు టెన్షన్ పడతారు. పోదు. పంపేవాళ్ల సర్వర్లు దాన్ని దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు ఆగుతుంది. ఒక గంట ఆపడం వల్ల ఇబ్బంది పడేది మన లోపలివాళ్లే. ఓడల పనికి ఆదివారం, అర్ధరాత్రి అని ఉండదు. కాబట్టి ముందే ఆపరేషన్స్ వాళ్లతో మాట్లాడి, సెయిలింగ్ లేని రాత్రి ఎంచుకోండి.

రీబూట్ అయ్యాక

వేరు పూల్స్ తెచ్చే కొత్త ప్రమాదం ఒకటుంది. కరెంటు పోయి వచ్చి సర్వర్ లేచింది, మెయిల్ పూల్ మాత్రం మౌంట్ కాలేదు, అంటే దాని ఫోల్డర్‌కు తగులుకోలేదు. డవ్‌కాట్‌కు ఆ సంగతి తెలియదు. ఆ దారిలో ఏమీ లేదు కాబట్టి కొత్త ఖాళీ ఇన్‌బాక్స్ తయారుచేస్తుంది, సిస్టమ్ డిస్క్ మీద. యూజర్లు అవుట్‌లుక్ తెరిస్తే మెయిలంతా మాయం. కొత్తగా వచ్చే మెయిల్ తప్పుచోట పడుతూ ఉంటుంది. దీనికి రెండు కాపలాలు పెట్టండి. మౌంట్ కాకపోతే డవ్‌కాట్, పోస్ట్‌ఫిక్స్ మొదలే కాకూడదని సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో రాయండి. పూల్ మౌంట్ కాని స్థితిలో ఆ ఖాళీ ఫోల్డర్‌ను ఎవరూ, అన్ని అధికారాలున్న రూట్ యూజర్ కూడా, అందులో రాయలేకుండా సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో కట్టేయండి. రెండూ పెట్టాక ఒకసారి పూల్‌ను కావాలనే తీసేసి, రీబూట్ చేసి చూడండి.

ఇంకో మాట విశాఖలో ఉన్నాను కాబట్టి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఒకే ర్యాక్‌లో నాలుగు పూల్స్ పెట్టి, ఒకదాని కాపీ ఇంకోదాంట్లో ఉంది కదా అనుకునేవాళ్లను చూశాను. కిటికీ అద్దం పగిలి వాన లోపలికి కొడితే నాలుగూ ఒకేసారి తడుస్తాయి. ఒక కాపీ సముద్రానికి దూరంగా, వేరే ఊళ్లో ఉండాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ పంపే తేడాలు చిన్నవి కాబట్టి మామూలు ఇంటర్నెట్ లైను మీద రాత్రిపూట హైదరాబాద్‌కు పంపుకోవచ్చు.

పూల్‌ను ఎనభై శాతం దాటి నింపకండి. ఖాళీ చోటు ముక్కలుముక్కలై, కొత్త రాతలకు తావు వెతకడమే పెద్ద పనవుతుంది. మెయిళ్లు తుడిచినా చోటు పెరగకపోతే స్నాప్‌షాట్లు వాటిని పట్టుకుని ఉన్నాయేమో చూడండి.

పాత డిస్కులను మాత్రం వెంటనే తుడవకండి. నేను వాటిని రాయడానికి వీల్లేకుండా మౌంట్ చేసి నెల రోజులు అలాగే ఉంచాను. ఆ పెద్దాయనకు మూడో వారంలో పాత షిప్‌మెంట్ ఫోల్డర్ ఒకటి కనిపించలేదు. ఫోల్డర్ పేరులో ఉన్న ఒక వింత అక్షరం వల్ల కాపీ జాబితాలోంచి జారిపోయింది. పాత డిస్క్ మీద భద్రంగా ఉంది, పది నిమిషాల్లో తెచ్చి పెట్టాను. ఆ తర్వాత రెండు చోట్లా ఫోల్డర్ల లెక్క, మెయిళ్ల లెక్క యూజర్‌వారీగా పోల్చి చూసి, అన్నీ కలిశాకే డిస్కులు బయటికి తీశాను.